హైదరాబాదులో సగం మంది ఓటు వేయకపోవడాన్ని రాజకీయ నిరాసక్తత అనవచ్చా?

ప్రశ్న: పద్మారావునగర్ వాసి

ఎన్నిక ముగిసిన మర్నాడు హైదరాబాదు ఓటర్లను మందలిస్తూ వార్తలు రావడం ఆనవాయితీగా మారిపోయింది. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో తెలంగాణ మొత్తం మీద 71 శాతానికి పైగా పోలింగు నమోదైతే, హైదరాబాదు జిల్లా 50 శాతాన్ని కూడా అందుకోలేదు. మునుగోడులో 91 శాతం దాటిన ఓటింగు యాకుత్‌పురాలో 40 శాతం లోపే ఆగిపోయింది. 2024 మే 13న హైదరాబాదు, సికింద్రాబాదు లోక్‌సభ స్థానాలు రెండూ సగానికి దిగువనే ఉండిపోగా, అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం మంది ఓటు వేశారు.

ఈ అంకెలను చూపించి పౌరులు ప్రజాస్వామ్యం నుంచి తప్పుకుంటున్నారని చెప్పేవారితో ఏకీభవించడానికి నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, తప్పుకోవడం అంటే ఒకప్పుడు ఉన్నది తగ్గడం. 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లో దేశంలో సుమారు 45 శాతం మంది ఓటు వేస్తే 2019లో 67 శాతం, 2024లో దాదాపు 66 శాతం మంది వేశారు. స్త్రీలు పురుషులతో సమానంగా, స్వల్పంగా ఎక్కువగా కూడా పోలింగు కేంద్రాలకు వస్తున్నారు. హైదరాబాదు నగరపాలక సంస్థ ఎన్నికల్లో సైతం 2009లో 42, 2016లో 45, 2020లో 46.55 శాతం చొప్పున ఓటింగు నెమ్మదిగా పెరిగిందే తప్ప తగ్గలేదు. రెండవది, ఓటు వేయని నా మిత్రుల్లో రాజకీయాలు పట్టనివారు ఒక్కరూ లేరు. ఢిల్లీలో ఏ మంత్రి ఏమన్నాడో వారికి తెలుసు, గంటల తరబడి వాదిస్తారు. తమ డివిజను కార్పొరేటరు ఎవరని అడిగితే మాత్రం మౌనం వహిస్తారు.

అందువల్ల నా సందేహం ఇది. మనం చూస్తున్నది నిజంగా నిరాసక్తతేనా, లేక ఆసక్తి ఉన్నా దాన్ని పనిలో పెట్టే మార్గం కనిపించకపోవడమా? నీతిబోధ కాకుండా, మీరు దగ్గర నుంచి గమనించిన కారణాలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

ఉద్యోగ కాలమంతా పోలింగు విధులు నిర్వహించినవాడిగా, బూతు స్థాయి అధికారిగా ఇంటింటికీ తిరిగినవాడిగా ముందుగా ఒక మాట చెప్పాలి. పోలింగు శాతం అనేది ఒక భాగహారం. ఓటు వేసినవారి సంఖ్యను ఎంత జాగ్రత్తగా లెక్కిస్తామో, జాబితాలో ఉన్న పేర్ల సంఖ్యను అంత జాగ్రత్తగా సరిచూడం. నగరంలో అద్దె ఇల్లు మారినప్పుడు పాత చిరునామాలో పేరు అలాగే ఉండిపోతుంది, చనిపోయినవారి పేరు తొలగించమని కుటుంబం దరఖాస్తు చేయదు, సొంత ఊళ్లో ఒకటీ నగరంలో ఒకటీ ఓట్లు ఉన్నవారు ఏదో ఒకచోటే వేస్తారు. ఈ కారణంగా హైదరాబాదు శాతం ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. పల్లెలో ఎవరు ఉన్నారో ఎవరు లేరో అందరికీ తెలుసు కనుక అక్కడి జాబితా నిజానికి దగ్గరగా ఉంటుంది.

అయితే అదొక్కటే కారణమని నేను అనను. మా జిల్లాలో ఓటు వేయడం వ్యక్తిగత నిర్ణయం మాత్రమే కాదు, అదొక సామాజిక హాజరు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో సాయంత్రానికి ఊరంతటికీ తెలుస్తుంది. పార్టీ కార్యకర్త ఇంటికి వచ్చి మరీ పిలుస్తాడు, హైదరాబాదులో కూలికి వెళ్లిన కుటుంబానికి వాహనం పంపిస్తాడు. దీనికి తోడు పంపకాలు. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పోలింగు జరిగినప్పుడు దాన్ని ప్రజాస్వామ్య చైతన్యమని పొగిడినవారు, ఆ ఎన్నికలో డబ్బు ఎలా ప్రవహించిందో మరచిపోయారు. అంతకు ముందటి ఏడాది హుజూరాబాదులో తమకు కవర్లు అందలేదని కొందరు ఓటర్లు బహిరంగంగానే నిలదీసిన వార్తలు మీరంతా చదివే ఉంటారు. ఆ ఓటర్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయిదేళ్లలో ప్రభుత్వం నుంచి చేతికి నిశ్చయంగా అందేది ఆ ఒక్కటే అని వారికి అనిపించే స్థితిని ఎవరు తెచ్చారన్నదే నా బాధ. కాబట్టి 90 శాతాన్ని ఆసక్తికి కొలమానంగా తీసుకోలేని మనం, 45 శాతాన్ని నిరాసక్తతకు కొలమానంగా ఎలా తీసుకుంటాం?

జవాబు: గాజువాక నుంచి

మాస్టారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఈ చర్చలో ఎవరూ ప్రభుత్వాల బాధ్యతను ముట్టుకోలేదని గుర్తు చేస్తున్నాను. మా విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తరువాతి ఎన్నిక ఎప్పుడు జరిగిందో తెలుసా? 2021 మార్చిలో. గడువు ముగియకముందే ఎన్నిక జరపాలని 74వ రాజ్యాంగ సవరణ స్పష్టంగా చెబుతుండగా, తొమ్మిదేళ్ల పాటు ఇంత పెద్ద నగరాన్ని ప్రత్యేకాధికారులు పాలించారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరాన్ని అతలాకుతలం చేసినప్పుడు మాకు కార్పొరేటరు లేడు, మేయరు లేరు. 2020 మేలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వెలువడి జనం ప్రాణాలు కోల్పోయినప్పుడూ అదే పరిస్థితి. నీళ్లు రాకపోతే, చెత్త తీయకపోతే, చెట్టు కూలితే ఎవరిని అడగాలో తెలియకుండానే 2012లో బడిలో చేరిన పిల్లలు హైస్కూలుకు వచ్చేశారు. అంతకాలం స్థానిక ఎన్నిక అన్నదే చూడని యువతను, స్థానిక రాజకీయాలపై ఆసక్తి లేదని నిందించడం న్యాయమా?

ఇది ఒక్క విశాఖకు, ఒక్క పార్టీకి పరిమితమైన విషయం కాదు. తెలంగాణలో గ్రామ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి నాటికి ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. దాదాపు రెండేళ్లు సర్పంచులు లేకుండా గడిచిన తరువాత కూడా 80 శాతానికి పైగా పల్లె జనం ఓటు వేశారంటే, తప్పుకున్నది ప్రజలు కాదని తేలుతోంది. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా అదే సవరణ చెప్పింది. మీ వార్డు కమిటీ సమావేశం ఎప్పుడు జరిగిందో మీలో ఎవరైనా చెప్పగలరా? గ్రామసభ ఎంత మొక్కుబడిగా జరిగినా అక్కడ లేచి నిలబడి ప్రశ్నించే చోటు ఒకటుంది. నగరవాసికి అది కూడా లేదు. అతను ఫిర్యాదుదారుడే తప్ప సభ్యుడు కాడు.

ఇంకో సంగతి. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ నిర్ణయం 2021లో వెలువడ్డాక కూర్మన్నపాలెం దగ్గర దీక్షా శిబిరంలో సంవత్సరాల తరబడి కూర్చున్న కార్మికులు ఈ దేశ పౌరులే. పౌరుల పాలుపంచుకోవడాన్ని లెక్క కట్టేటప్పుడు పోలింగు రోజునే చూసి, ఆ శిబిరాన్ని చూడకపోతే లెక్క తప్పుతుంది.

జవాబు: కొండాపూర్ ఉద్యోగిని

సాఫ్ట్‌వేరు ఉద్యోగులు పోలింగు రోజును సెలవుగా వాడుకుంటారన్న మాటను విని విని విసిగిపోయాను. 2024 మే 13కు ముందు రెండు రోజులూ విజయవాడ రహదారి మీద వాహనాలు బారులు తీరడం అందరూ చూశారు. ఆ వాహనాల్లో ఉన్నవారిలో చాలామంది ఇదే హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ, ఓటు కోసం సొంత ఊళ్లకు వెళ్లినవారు. అక్కడ వారి ఓటు ఎవరి గెలుపు ఓటములతో ముడిపడి ఉందో వారికి తెలుసు, ఇంటి పొలానికి నీరు వస్తుందో రాదో ఆ ఎన్నికతో తేలుతుంది. ఇక్కడ అద్దె ఒప్పందం పదకొండు నెలలు. ఈ నగరంలో మేము పన్ను కడతాం, ఇక్కడి ట్రాఫిక్‌లో గంటలు గడుపుతాం, అయినా ఈ నగరం మాది అన్న భావన కలగడానికి అవసరమైన స్థిరత్వం మాకు లేదు.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోని చెట్లను యంత్రాలతో పడగొడుతున్నప్పుడు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుకున్నారు. లాఠీలు, అరెస్టులు ఎదుర్కొన్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసింది. ఎన్నడూ ఏ పార్టీ సమావేశానికీ వెళ్లని నా సహోద్యోగులు ఆ వారమంతా ఆ విషయమే చదివారు, ఇతరులకు పంపారు, సంతకాలు సేకరించారు. ఫలితం తమ కళ్లకు కనిపించేంత దగ్గరగా ఉన్నప్పుడు యువత కదులుతుందనడానికి నాకు ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

అయినా విశాఖ మిత్రుడితో ఒక విషయంలో విభేదిస్తాను. వ్యవస్థను మాత్రమే తప్పుపట్టడం మనకు సుఖంగా ఉంటుంది. ఉద్యమంలో పాల్గొన్నవారే తరువాతి ఎన్నికకు జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోకపోతే, ఆ వేడి చల్లారిన మర్నాడు నిర్ణయాలన్నీ మళ్లీ ఓట్లు ఉన్నవారి లెక్కల ప్రకారమే జరుగుతాయి.

జవాబు: కావలి నుంచి ఒక అక్క

మా నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఈ తరానికి చెప్పాలనిపించింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు, చదువుకున్న పాఠం నుంచే తమ ఇంటి కష్టాన్ని గుర్తించి సారా దుకాణాలను మూయించారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన వాగ్దానమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలుకు వచ్చింది. వారిలో ఎవరూ అభ్యర్థులు కారు, ఏ పార్టీ పిలుపూ లేదు. ఆ నిషేధాన్ని తరువాత సడలించారన్నది వేరే సంగతి.

ఇప్పుడు అవే ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లను బస్సులెక్కించి సభలకు తరలిస్తున్నారు. రాకపోతే రుణం విషయంలో ఇబ్బంది వస్తుందేమోనన్న భయంతో వెళ్లేవారిని నేను ఎరుగుదును. సభ నిండుగా కనిపిస్తుంది, ఓటింగు శాతం ఘనంగా ఉంటుంది, కానీ మైకు ఒక్కసారి కూడా ఆమె చేతికి రాదు. దీనివల్ల నాకు నగరంలోని 45 శాతం కన్నా పల్లెలోని ఈ నిండు సభలే ఎక్కువ దిగులు కలిగిస్తున్నాయి. ఓటు వేయనివాడు కనీసం తనకు ఇష్టం లేదని చెబుతున్నాడు. ఈమె ఇష్టాన్ని అడిగినవారే లేరు.

ప్రశ్న అడిగినవారి స్పందన: పద్మారావునగర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. గేటు వేసుకున్న కాలనీల సంపన్నులే ఓటు వేయరన్న వాదన ఇక్కడ ఎవరూ చేయనందుకు సంతోషం, ఎందుకంటే పాతబస్తీ యాకుత్‌పురా ఆ వాదనకు లొంగదు. ఫలితం ముందే తెలిసిన చోట జనం రారు అన్న వివరణ కూడా అక్కడ పూర్తిగా నిలవదు. 2023లో ఆ స్థానంలో విజేతకు వచ్చిన ఆధిక్యం 878 ఓట్లు మాత్రమే. మూడు లక్షలకు పైగా పేర్లున్న జాబితాలో ఒక్క వీధి వారు అదనంగా కదిలినా ఫలితం మారేది. అంత దగ్గరి పోటీ కూడా జనాన్ని బయటకు రప్పించలేదంటే, మాస్టారు చెప్పిన జాబితా లోపమూ, విశాఖ మిత్రుడు చెప్పిన స్థానిక శూన్యమూ కలిసి పనిచేస్తున్నాయని నాకు అనిపిస్తోంది.

మాస్టారూ, ఒక చిన్న సందేహం. మా వీధిలో ఇళ్లు మారినవారి పేర్లు పాత నియోజకవర్గంలోనే ఉండిపోయాయి. వారు కొత్తగా నమోదు చేసుకోవాలా, ఎన్నిక ప్రకటన వచ్చేదాకా ఆగాలా?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

ఆగనక్కర్లేదు, కొత్త నమోదూ అక్కర్లేదు. చిరునామా మార్పుకు ఫారం 8 చాలు. వేరే నియోజకవర్గానికి మారినా అదే. ఫారం 6 మొదటిసారి నమోదయ్యేవారికి మాత్రమే, దాన్ని మళ్లీ నింపితేనే ఒకే మనిషి రెండు జాబితాల్లో తేలుతాడు. చనిపోయినవారి పేరు తొలగింపుకు ఫారం 7 ఉంది. పద్దెనిమిదేళ్లు నిండే పిల్లలుంటే వారికి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హతా తేదీలేనని చెప్పండి, జనవరి కోసం ఎదురుచూడవలసిన రోజులు 2022తోనే పోయాయి. దరఖాస్తు ఇచ్చాక మీ బూతు స్థాయి అధికారి విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా ఉండేలా చూడమనండి. నగరంలో తాళం వేసిన ఇళ్ల దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి.