అన్నయ్య ఒక్కడే తాకట్టు పెట్టిన ఇంట్లో అమ్మ వాటా, నా వాటా ఏమవుతాయి?

కొరిటెపాడు ఆడపడుచు:
నమస్కారమండీ. మాది గుంటూరు. కొరిటెపాడులో మా నాన్నగారు సొంత జీతంతో స్థలం కొని కట్టిన డాబా ఉంది. ఆయన 2016లో పోయారు, వీలునామా ఏమీ రాయలేదు. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది. నేను పెళ్లయి విజయవాడ పటమటలో ఉంటున్నాను. అన్నయ్యది మిర్చి వ్యాపారం. రేటు పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో సరుకు ఆపాడు, ధర పడిపోయింది. ఆ వ్యాపారం కోసం ఇంటి మీద బ్యాంకు లోను తీశాడన్న సంగతి, గోడకి నోటీసు అంటించాకే మాకు తెలిసింది.

ఈసీ (ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే పత్రం) తీయించాను. నాన్నగారి దస్తావేజు అన్నయ్య ఒక్కడే బ్యాంకులో డిపాజిట్ చేసినట్టు రిజిస్టరై ఉంది. బ్యాంకులో అడిగితే, "ఒరిజినల్ మా దగ్గరుంది, మీరు సివిల్ కోర్టుకు వెళ్లినా లాభం లేదు" అంటున్నారు. అమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు. అన్నయ్య అప్పు ఎగ్గొట్టమని నేను అడగడం లేదు. అమ్మని ఆ ఇంట్లోంచి పంపేయకుండా ఏం చేయగలను?

మంగళగిరి మిత్రుడు:
బ్యాంకు వాళ్లు చెప్పింది నిజమేనండీ. సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకుని అప్పు రాబట్టుకునే చట్టం) 34వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు ఇందులో తలదూర్చకూడదు. ఏదున్నా విశాఖపట్నం డీఆర్‌టీలోనే, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌లోనే. మా బంధువుల దావా కూడా ఇలాగే కొట్టేశారు.

బెజవాడ ప్లీడరు:
పై మిత్రుడు చెప్పింది సగమే నిజం. ఆ మాట నమ్మి హక్కులు వదిలేసుకున్న ఆడపిల్లల్ని చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అమ్మా, ముందు హక్కు సంగతి. ఇల్లు నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ వర్తిస్తుంది. మీ అమ్మగారు, అన్నయ్య, మీరు తలా మూడో వంతుకు హక్కుదారులు. (నాన్నగారి తల్లి అప్పటికి బతికి ఉంటే ఆవిడకీ సమాన వాటా ఉంటుంది, చూసుకోండి.) మీ అన్నయ్య తన వాటానే తాకట్టు పెట్టగలడు. కాగితం ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది అయిపోదు. మేం దస్తావేజు చూసి నమ్మి అప్పిచ్చామని బ్యాంకు వాదిస్తుంది. కానీ ఆ దస్తావేజు చనిపోయిన మనిషి పేరున ఉంది. వారసులెవరు, ఇంట్లో ఎవరుంటున్నారు అని విచారించాల్సిన బాధ్యత అప్పిచ్చేవాళ్లదే.

సివిల్ కోర్టు విషయానికొస్తే, సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ కుటుంబ ఆస్తిలో తన వాటా కోసం ఒక మహిళ వేసిన దావానే. ఆస్తి ఎవరిది, తాకట్టు చెల్లుతుందా అన్నవి తేల్చే అధికారం డీఆర్‌టీకి లేదని, అందుకు సివిల్ కోర్టే దిక్కని చెప్పింది. మీరు గుంటూరులో పార్టిషన్ (వాటాలు పంచమనే) దావా వేసి, ఆ తాకట్టు మీ ఇద్దరి వాటాలకు కట్టుబడదని డిక్లరేషన్ అడగవచ్చు. ఉత్తినే వేలం ఆపమని ఇంజంక్షన్ మాత్రం అడిగితే 34వ సెక్షన్ అడ్డం తగులుతుంది. మిత్రుడి బంధువులకు అదే జరిగిందేమో.

వేలం ఆపడానికి డీఆర్‌టీకి కూడా వెళ్లాలి. అప్పు తీసుకోనివాళ్లు కూడా సర్ఫేసీ చట్టం 17వ సెక్షన్ కింద వెళ్లొచ్చు. ఇంతకీ గోడ మీద నోటీసులో ఏ సెక్షన్ ఉంది? 13(2) అయితే అప్పు కట్టమని ఇచ్చిన 60 రోజుల గడువు. 13(4) స్వాధీనపు నోటీసు అయితే 45 రోజుల్లో డీఆర్‌టీలో వేయాలి. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: అమ్మగారు ఎక్కడైనా గ్యారంటీ సంతకం గానీ, వేలిముద్ర గానీ వేశారా?

కొరిటెపాడు ఆడపడుచు:
13(4) అనే ఉందండీ, అంటించి రెండు వారాలు కాలేదు. మీరు అడిగాక అమ్మని కదిలిస్తే ఏడ్చేసింది. "పెన్షన్ కాగితాలని వేలిముద్ర వేయించాడే" అంది. అవేంటో ఆవిడకి తెలియదు.

గవర్నర్‌పేట రిటైర్డ్ ఉద్యోగి:
నేను బ్యాంకులోనే పనిచేశాను తల్లీ. లోను ఫైల్లో ప్యానెల్ అడ్వకేట్ (బ్యాంకు తరఫు వకీలు) ఇచ్చిన లీగల్ ఒపీనియన్ ఉంటుంది. వారసుల గురించి అందులో ఏం రాశారో అదే మీ కేసుకు ప్రాణం. కోర్టు ద్వారా ఆ ఫైలు తెప్పించమని మీ వకీలుతో చెప్పండి. ఈలోగా తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి.

బెజవాడ ప్లీడరు:
పెద్దాయన మంచి మాట చెప్పారు. వేలిముద్ర సంగతి దాచొద్దమ్మా, దావాలో ముందే రాయించండి. బ్యాంకు బయటపెట్టాక చెబితే కల్పించినట్టుంటుంది. పెన్షన్ అని చెప్పి వేయించుకుంటే అది మోసం. అయితే ఊరికే మోసం అంటే చాలదు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు వేశారో అమ్మగారిని నెమ్మదిగా అడిగి రాసుకోండి. ఆ ఇంటిలో మాకు వాటా ఉందని ఈరోజే బ్యాంకుకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, రశీదు దాచుకోండి. 45 రోజుల లెక్క ఆ ఉత్తరంతో ఆగదు, కాబట్టి ఈ వారంలోనే డీఆర్‌టీ కేసులు చూసే వకీలుకు కాగితాలు అప్పజెప్పండి.