ధవళేశ్వరంలో అద్దెకు దిగుతున్నాం, ఊరి సంగతులు చెప్పండి

సంపెంగ తోట:

మావారికి రాజమహేంద్రవరం బదిలీ అయింది. నగరంలో కొన్ని పేటలు తిరిగి చూశాక మనసు ధవళేశ్వరం వైపే లాగింది. ఇరిగేషన్ కార్యాలయాల దారిలో ఆ పెద్ద పెద్ద చెట్లు, వాటి నీడ, సాయంత్రం గోదావరి గాలి చూసి మా అత్తగారు ఇంకెక్కడికీ వద్దు, ఇక్కడే ఉందామనేశారు. ఆవిడకు డెబ్బై దాటాయి. షుగరు ఉంది. పొద్దున్నే కాసేపు నడవకపోతే రోజంతా చిరాకు పడతారు. పుట్టిల్లు పాలకొల్లు కావడంతో దిబ్బరొట్టె అంటే ప్రాణం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, పుస్తకం చేతిలో పెడితే అన్నం సంగతి కూడా మరిచిపోతాడు.

పెద్ద హోటళ్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది, అది వద్దండి. అక్కడ కాపురముంటున్నవాళ్లు టిఫినుకు ఎటు వెళ్తారు, కూరగాయలు ఎక్కడ కొంటారు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరి దగ్గరికి పరుగెత్తుతారు, ఇవి చెప్పండి చాలు.

గట్టు మీది రావిచెట్టు:

అమ్మా, నేను ఇరిగేషన్ శాఖలోనే పనిచేసి, రిటైరయ్యాక కూడా ఈ ఊరు వదలలేక ఇక్కడే ఉండిపోయాను. మీ అత్తగారి ఎంపిక నూటికి నూరుపాళ్లు సరైనది.

ముందుగా ఒక్క మాట. ఇక్కడ దుకాణం పేరు కన్నా వేళ ముఖ్యం. సరుకంతా నదిని బట్టి వస్తుంది, పొద్దును బట్టి అయిపోతుంది. ఎనిమిదింటికి నిద్రలేచి సంచీ పట్టుకుని బయలుదేరితే, ఈ ఊళ్లో ఏమీ దొరకదనే అభిప్రాయంతో తిరిగి వస్తారు. తెల్లవారుతూండగా వెళ్లండి. నది మధ్య లంకల్లో పండిన కూరగాయలు గంపల్లో దిగుతాయి. వంకాయ, బీర, దొండ, తోటకూర, ఆనపకాయ. ఏటా వరద తెచ్చి వేసే ఒండ్రు మట్టిలో పండినవి. ఆ వంకాయను నూనెలో వేస్తే ఇట్టే మగ్గిపోతుంది, గింజ పంటికి తగలదు. అమ్మే ఆడవాళ్లు చాలావరకు తోట ఉన్నవాళ్లే. బేరం ఆడకండి, దానికి బదులు రేపు ఏం కోస్తున్నారో అడగండి. రెండు వారాల్లో మీకోసం మంచివి పక్కన పెట్టడం మొదలుపెడతారు. అయితే జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ భోగం ఉండదు. లంకలు మునిగితే కూరగాయలు బయటి నుంచి రావాల్సిందే, ధరలూ అలాగే ఉంటాయి.

టిఫినుకు బండ్లే మేలు. పెసరట్టు ఉప్మా వీధికొకచోట దొరుకుతుంది. పెనం చుట్టూ ఎవరు నిలబడ్డారో చూడండి. ఆటోవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు, బడి పిల్లల తండ్రులు ఒకేచోట కనిపిస్తే అక్కడ పిండి ఆ పూట రుబ్బినదే. దిబ్బరొట్టె మాత్రం తొందరపడితే దొరికేది కాదు. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మూకుట్లో అరచేతి మందాన పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. అడుగు ఎర్రగా పెంకులా గట్టిపడాలి, లోపల దూదిలా ఉండాలి. కొందరు మూత మీద కూడా నిప్పులు పోస్తారు. ఇళ్లలో చేసి అమ్మేవాళ్లు ఉన్నారు, ముందురోజు చెప్పి ఉంచితే చేసిస్తారు. అత్తగారికి షుగరు అన్నారు కాబట్టి చెరకు పానకంతో వద్దు, అల్లం పచ్చడితో పెట్టండి.

నడకకు చాలామంది బ్యారేజీ మీదికి వెళ్తారు. 175 గేట్ల మీదుగా నదిని చూడటం నిజంగా కన్నులపండువే, కానీ అది బండ్లు తిరిగే రోడ్డు. పెద్దావిడకు గట్టు దారి, కాలవ ఒడ్డు క్షేమం. కాళ్లు సహకరించిన రోజున కొండ మీద జనార్దనస్వామిని చూపించండి.

అబ్బాయిని మొదట కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి పాత ఆనకట్టను కాటన్ దొర ఎలా కట్టించారో నమూనాలు, ఆనాటి సామగ్రి చూస్తే తెలుస్తుంది. మన భోజనం కంచంలోకి ఎలా వచ్చిందో ఆ వయసులోనే తెలియాలని నా కోరిక. ఆ తరువాత రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం. తాళపత్రాలు కూడా ఉన్న పాత గ్రంథాలయం అది. వాడు అక్కడ కూర్చుంటే లేపడం మీ పని. కోటిపల్లి బస్టాండు దాకా షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి.

జ్వరాలకు, రక్తపరీక్షలకు ఊళ్లోనే సరిపోతుంది. గుండె, కీళ్లు వంటి వాటికి రాజమహేంద్రవరం పోవాలి. రాత్రివేళ వచ్చే ఆటో మనిషి నంబరు ఒకటి వచ్చిన మొదటి వారంలోనే సంపాదించి, గోడ మీద రాసి పెట్టుకోండి. పెద్దవాళ్లున్న ఇంట్లో గ్యాస్ కనెక్షన్ కన్నా ముందు అది.

పులంక పూలకుండీ:

మొక్కల సంగతి నేను చెబుతాను. కడియపులంక మీకు చాలా దగ్గర. అందరూ జాతీయ రహదారి పక్కన నర్సరీల దగ్గరే కారు ఆపుతారు. చూడటానికి అవి బాగుంటాయి. నాలుగు కుండీలు కొనడానికైతే బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక లోపలి రోడ్లలోకి రండి. చిన్న రైతులు మొక్కను ఎలా పెంచాలో కూడా ఓపిగ్గా చెబుతారు. ఆకు కాదు, వేరు చూడండి. సంచి అడుగున వేళ్లు బయటికి వచ్చి చుట్టుకుని ఉంటే ఆ మొక్క చాలాకాలంగా అక్కడే పడి ఉందని అర్థం. ఎండాకాలంలో కొనవద్దు, తొలకరి పడ్డాక తీసుకోండి. అద్దె ఇల్లు కాబట్టి మల్లె, విరజాజి, కరివేపాకు కుండీల్లోనే పెట్టుకోండి.

పూజకు పూలు కావాలంటే పులంక పూలమార్కెట్‌కు చీకటితోనే రావాలి. పండగ ముందురోజు మాత్రం వద్దు, ధర చూసి కళ్లు తిరుగుతాయి.

సంపెంగ తోట:

మీ ఇద్దరికీ ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. ఇంకో రెండు అడుగుతాను. ఇల్లు చేరాక ఇరుగుపొరుగుకు పూతరేకులు పంచాలని ఉంది, ఆత్రేయపురం వెళ్లి తేవడం కష్టమా? రెండోది, వరద వస్తే ఏమిటి పరిస్థితి? మా అమ్మ ఫోనులో అదే అడుగుతోంది.

లంక గాలి:

అక్కా, మాది ఆత్రేయపురమే. కష్టమేమీ లేదు, బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వచ్చేయండి. దారంతా కాలవలు, కొబ్బరిచెట్లు. కొనడం కాసేపు పక్కన పెట్టి ముందు రేకు తీయడం చూడండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పక్కన పాలలాంటి పలచటి బియ్యప్పిండి. గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. ఊపిరి తీసుకునేలోగా రేకు లేచి వస్తుంది, వెలుగులో పెడితే అవతలి మనిషి కనిపిస్తాడు. మా వీధిలో ఎందరో ఆడవాళ్ల సంసారాలు ఆ కుండ మీదే నిలబడ్డాయి. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నంత సంతోషపడ్డాం.

పంచడానికైతే బెల్లంవి తీసుకోండి, నెయ్యి చేతికి అంటేలా చుట్టించండి. ఆ రోజు చుట్టినవి అడగండి. పెట్టెల్లో ఎంతకాలంగా ఉన్నాయో తెలియనివి వద్దు.

ఇంకొకటి, వరదనీరు ఎర్రబడ్డాక రోడ్డు పక్కన పులస చేప అని పిలిచి అమ్ముతారు. ఒడిశా నుంచి వచ్చిన ఇలసను కూడా అదే పేరుతో అమ్ముతారు. తెలిసిన మత్స్యకారుల ద్వారా తప్ప కొనకండి, ధర వేలల్లో ఉంటుంది.

గట్టు మీది రావిచెట్టు:

వరద గురించి మీ అమ్మగారు అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక అంటే సుమారు పది లక్షల క్యూసెక్కులు. అది దాదాపు ఏటా చూస్తాం, ఊరు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ తరువాత గట్లు ఎత్తు చేశారు, బలపరిచారు.

గట్టు లోపల ఉన్న ఇంటికి నది కన్నా వాననీటి బాధే ఎక్కువ. గోదావరి నిండుగా ఉన్నప్పుడు మురుగు కాలవల నీరు నదిలోకి దిగదు. వెనక్కి తన్ని పల్లపు వీధుల్లో నిలుస్తుంది. అందుకని ఇల్లు చూసేటప్పుడు చెట్లు, గాలి చూశాక గోడల అడుగు కూడా చూడండి. సున్నం కింద తేమ చార ఉందేమో, బాత్రూము తూము దగ్గర మట్టి పేరుకుందేమో చూడండి. యజమానిని కాదు, ఎదురింటివాళ్లను అడగండి, కిందటి వర్షాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. కాలవ మూసే వేసవి రోజుల్లో కుళాయి ఎన్ని గంటలు వస్తుందో కూడా వాళ్లనే అడగండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఏ వీధో ఇక్కడ రాయండి. ఆ వీధి మెరకో పల్లమో నేను వెళ్లి చూసి చెబుతాను.