‘విజువల్ లెర్నర్’ అనే రకం పిల్లలు నిజంగా ఉన్నారా?

కొత్తమ్మ: మా బాబుని స్కూల్లో ఏవో ప్రశ్నలడిగి, రిపోర్టులో ‘విజువల్ లెర్నర్’ (కళ్లతో చూసి నేర్చుకునే రకం) అని రాశారు. ఇంట్లో కూడా బొమ్మలతోనే చదివించమంటున్నారు. దీనివల్ల ఉపయోగం ఉంటుందా?

పలకా బలపం: తప్పకుండా ఉంటుందండీ. నేను అయిదో తరగతికి లెక్కలు చెబుతాను. భిన్నాలు నోటితో చెప్పినంతసేపూ అందరూ తలలూపుతారు. దీర్ఘచతురస్రం గీసి 1/3 వంతుకి రంగు వేయమంటే అసలు సంగతి బయటపడుతుంది. కొందరు ఒక పెద్ద ముక్క, రెండు చిన్న ముక్కలు గీసి, పెద్దదానికి రంగు పూసేస్తారు. “మూడు ముక్కలున్నాయిగా టీచర్!” అంటారు. భాగాలు సమానంగా ఉండాలన్నది వాళ్లకి ఎక్కలేదని ఆ బొమ్మ చూశాకే నాకు తెలుస్తుంది. విజువల్ పిల్లలకి ఇలాంటివే కావాలి.

చదువరి నాన్న: ఆ బొమ్మ క్లాసులో అందరికీ పనికొస్తుంది కదా మేడమ్, మధ్యలో ‘విజువల్ పిల్లలు’ ఎక్కణ్ణుంచి వచ్చారు? 2008లో పాష్లర్, మెక్‌డేనియల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించారు. పిల్లవాడి ‘రకం’ చూసి దానికి తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పిల్లలకి ఇష్టాయిష్టాలు లేవని వాళ్లూ అనలేదు. 2004లో కాఫీల్డ్ అనే పరిశోధకుడి బృందం లెక్కపెడితే, నేర్చుకునేవాళ్లని ఇలా రకాలుగా విడదీసే పద్ధతులే 71 తేలాయి.

లాస్ట్ బెంచ్: 71లో ఒక్కటైనా నిజం కాకపోతుందా :)

చదువరి నాన్న: అన్ని రకాలుగా విడదీశారంటే దేన్ని కొలుస్తున్నారో వాళ్లకే తేలలేదన్నమాట.

లాస్ట్ బెంచ్: లేదా పిల్లలే 71 రకాలేమో.

పలకా బలపం: ఆ 71 గొడవ పక్కన పెట్టండి. పేపర్లు చదివి మాట్లాడేవాళ్లు ఒక్కపూట 40 మంది పిల్లల ముందు నిలబడి చూడాలి. బొమ్మల బలం గురించి పైవియో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లోనే రాశాడు కదా?

చదువరి నాన్న: మాటకి బొమ్మ తోడైతే బాగా గుర్తుంటుందన్నాడు. అది అందరి గురించీ. మీరు నా వాదనే చెబుతున్నారు.

సైన్స్ సార్: ఎలాంటి బొమ్మ అన్నది కూడా చూడాలి. జలచక్రాన్ని బోర్డు మీద చూసి దించుకుంటే చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు. నేను బాణాలు లేని బొమ్మ ఇచ్చి, పక్కవాళ్లకి వివరిస్తూ బాణాలు గీయమంటాను. అందరికంటే అందంగా రంగులేసిన అమ్మాయి ‘ఆవిరి’ అని రాసి, బాణాన్ని మబ్బు నుంచి సముద్రంలోకి దించింది.

పలకా బలపం: చదువరి నాన్న గారూ, మీకు టీచర్లంటే ఎందుకంత కోపం?

చదువరి నాన్న: కోపమా? మా అమ్మాయి చదవడంలో వెనకబడిందని అడగడానికి వెళ్తే, “తను విజువల్ అండీ, వీడియోలు చూపించండి” అన్నారు. అదీ నమ్మేసింది. పుస్తకం తెరవమంటే “నేను విజువల్ కదా నాన్నా, నాకు పేజీలు ఎక్కవు” అనేది. చివరికి చూస్తే కూడబలుక్కుని చదవడమే రాదు. దాని మీద ఆ ముద్ర లేకపోతే ఎవరో ఒకరు ముందే కనిపెట్టేవాళ్లు.

లాస్ట్ బెంచ్: ఇది మాత్రం అన్యాయం సార్.

పలకా బలపం: బాధగానే ఉంది, కాదనను. మరి నా సంగతీ వినండి. చార్టులూ రంగులూ అడిగితే “ముందు సిలబస్ పూర్తి చెయ్యండి” అంటారు మా పైవాళ్లు. లెసన్ ప్లాన్‌లో ‘విజువల్ లెర్నర్ల కోసం’ అని రాస్తేనే సంతకం పడుతుంది. ఆ మాట లేకపోతే మళ్లీ ఎక్కాలు అప్పజెప్పించడమే.

చదువరి నాన్న: అంటే మీకు రంగులు రావడానికి మా పిల్లల మీద స్టాంపు వెయ్యాలా?

పలకా బలపం: స్టాంపు తీసేయమనండి, నాకేం అభ్యంతరం లేదు. ‘అందరి కోసం’ అని రాసినా సంతకం పెడతామని ఒక్క మాట చెప్పించండి చాలు.

చదువరి నాన్న: అది మీరూ మీ పైవాళ్లూ తేల్చుకోవాల్సింది మేడమ్. మా అమ్మాయి రిపోర్టులో కాదు.