పాత బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కార్లలో నడిపే ఆనందం దేంట్లో ఎక్కువ? ఎలానా, స్ప్రైటా, ఇంకోటా?

స్నేక్‌పాస్_శీను:
అందరికీ నమస్తే. నేనుండేది షెఫీల్డ్‌లో. మొన్న రెండు శనివారాలు రెండు కార్లు అద్దెకి తీసుకుని ఒకే రోడ్డు మీద, స్నేక్ పాస్ మీదుగా గ్లాసప్ దాకా వెళ్ళొచ్చా. మొదటి వారం 1967 లోటస్ ఎలాన్, తర్వాతి వారం 1959 ఆస్టిన్ హీలీ స్ప్రైట్, అదే బానెట్ మీద హెడ్‌లైట్లు కప్ప కళ్ళలా ఉంటాయని ఫ్రాగ్ఐ అంటారే, అది. ఎలాన్ గొప్పదనం చదివీ చదివీ వెళ్ళినోణ్ణి, గోర్డన్ మర్రే అంతటి డిజైనరు ఆ స్టీరింగ్‌ని ఇప్పటికీ పొగుడుతాడని, మజ్దా వాళ్ళు తమ చిన్న స్పోర్ట్స్ కారు ఎంఎక్స్-5 చేసేటప్పుడు దాన్నే చూసి నేర్చుకున్నారని అన్నీ తెలుసు. అయినా నా ఓటు స్ప్రైట్‌కే.

ఎందుకంటే స్ప్రైట్‌ది 948 సీసీ ఇంజను, 43 హార్స్ పవర్. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇంచుమించు మారుతి 800 బరువు, ఇంచుమించు దాని పవరే. ఎత్తెక్కేటప్పుడు మూడో గేర్లో ఊపు పోయిందంటే మళ్ళీ తెచ్చుకోవడానికి అర మైలు పడుతుంది, అందుకని మలుపు రాకముందే చూసుకోవాలి, బ్రేకు ఎంత తక్కువ వాడితే అంత మంచిది, నాలుగూ పాతకాలం డ్రమ్ము బ్రేకులే కాబట్టి దిగేటప్పుడు కూడా ఇంజనుతోనే ఆపుకుంటూ రావాలి. ఫస్ట్ గేరుకి సింక్రో, అంటే గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే ఏర్పాటు, లేదు. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, డబుల్ క్లచ్ అనే మాట నేను చిన్నప్పట్నించీ ఆయన నోట విన్నదే, ఆ రోజు ఒక నిటారు మలుపులో క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కొంచెం కొట్టి మళ్ళీ తొక్కి ఫస్ట్‌లోకి తోస్తే చప్పుడు లేకుండా పడింది, నాన్నకి అక్కణ్ణించే ఫోన్ చేశా. ఎలాన్‌లో నాకు అలాంటి పని దొరకలేదు. 105 హార్స్ పవర్, ఏ గేర్లో ఉన్నా లాగేస్తుంది, దాని అసలు సత్తా చూడాలంటే రోడ్డు మీద కుదరని స్పీడుకి పోవాలి. మీరేమంటారు?

ట్విన్‌క్యామ్_రఘు:
శీనూ, నాకు 9 ఏళ్ళుగా ఎలాన్ ఉంది కాబట్టి ఇది వదలను. ఎలాన్‌కి స్పీడు అక్కర్లేదు తమ్ముడూ, అసలు విషయం అది. గంటకి 30 మైళ్ళ స్పీడులో, పాల కోసం షాపుకి పోయేటప్పుడు కూడా అది మాట్లాడుతుంది. రోడ్డు మధ్యలో రాత్రిపూట మెరిసే క్యాట్స్ ఐలు ఉంటాయి కదా, కుడి చక్రం ఒక్కదాని మీద ఎక్కితే ఆ చిన్న టక్ మనేది కుడి అరచేతికి వచ్చి ఆగిపోతుంది, స్టీరింగ్ మాత్రం కదలదు. సన్న చక్రం, బొటనవేలూ చూపుడువేలూ చాలు.

స్పోర్ట్స్ కారంటే స్ప్రింగులు గట్టిగా ఉండాలని చాలామంది అనుకుంటారు, ఎలాన్‌లో మెత్తనివి. చాసిస్ గట్టిది, మధ్యలో వెన్నెముక లాగా మడిచిన ఉక్కు పెట్టె, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ, మొత్తం 700 కిలోల లోపే. బండి ఒంగకపోతే స్ప్రింగు తన పని తాను చేసుకుంటుంది, గతుకుల రోడ్డు మీద చక్రం నేలని వదలదు. 1962లో లోటస్ డిజైనరు రాన్ హిక్‌మన్, కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ ఇది చేసి చూపించారు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు కూడా ఇచ్చారు. నువ్వు స్ప్రైట్‌తో కుస్తీ పట్టడాన్ని ఆనందం అంటున్నావు. కారు మనకి అడ్డు రాకపోవడం అంతకంటే పెద్ద ఆనందం అంటా నేను.

ఒక్కటి ఒప్పుకుంటా. వెనక డ్రైవ్ షాఫ్టులకి గారె ఆకారంలో రబ్బరు కప్లింగులు ఉంటాయి, అవి ముందు మెలి తిరిగి తర్వాత వదులుతాయి, క్లచ్ తొందరగా వదిలితే బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కాలు అలవాటు పడాలి. కొత్తవాళ్ళకి ఒక పూటలో రాదు.

హెరాల్డ్_మనవడు:
మీరిద్దరూ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ పేరే ఎత్తలేదు! అది మనకి చుట్టం. 60ల్లో మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు చేసిన హెరాల్డ్, ఈ స్పిట్‌ఫైర్ రెండూ ఒకే కుటుంబం, స్పిట్‌ఫైర్ చాసిస్ పుట్టిందే హెరాల్డ్ నుంచి, రెంటికీ గీత గీసింది ఇటలీకి చెందిన మికెలొట్టి. నెల్లూర్లో మా తాతయ్యకి హెరాల్డ్ ఉండేది, ట్రంకు రోడ్డు మీద ఒక్క తిప్పులో వెనక్కి తిప్పేసేవాడు, రిక్షా కంటే తక్కువ చోటు చాలేది. ఇక్కడ కోవెంట్రీలో ఒక ఫ్రెండ్ స్పిట్‌ఫైర్ తోలినప్పుడు, దాదాపు 24 అడుగుల్లో అది గిర్రున తిరిగితే నాకు తాతయ్య పక్క సీట్లో కూచున్నట్టే అనిపించింది. బానెట్ కూడా అంతే, మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది, టైరు మీదే కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు.

ట్విన్‌క్యామ్_రఘు:
చుట్టరికం బాగుంది గానీ వెనక సస్పెన్షన్ సంగతి కూడా చెప్పండి సార్.

హెరాల్డ్_మనవడు:
చెప్తా, దాచేదేం లేదు. స్వింగ్ ఆక్సిల్. ఇరుసుకి డిఫరెన్షియల్ దగ్గర ఒక్కటే కీలు, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పైకి లేచి బయటి చక్రం లోపలికి ముడుచుకుంటుంది, పట్టు పోతుంది. మా తాతయ్య మామయ్యకి చెప్పిన మొదటి పాఠం అదేనంట, "తిప్పడానికి ముందే తగ్గించు, తిప్పేటప్పుడు కాలు తియ్యకు." 1970లో స్పిట్‌ఫైర్ నాలుగో రకం, మార్క్ ఫోర్ వచ్చాక అడ్డంగా ఉండే కమాన్ పట్టీల కట్టని మధ్యలో ఊగేలా మార్చారు, చాలావరకు సర్దుకుంది. మద్రాసులో అయితే హెరాల్డ్ తర్వాత వచ్చిన గజెల్‌కి ఆ ఇరుసే తీసేసి మామూలు లైవ్ ఆక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు, వేశారు.

అబింగ్డన్_మూర్తి:
వయసులో పెద్దవాణ్ణి, నా మాట కూడా వినండి. ఎంజీ కంపెనీ వాళ్ళ ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా 5 లక్షల పైచిలుకు ఎందుకు చేశారు? 1798 సీసీ ఇంజను కింది నుంచే లాగుతుంది, ఓవర్‌డ్రైవ్, అంటే హైవే మీద ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు, దాని స్విచ్ కొడితే ఇంజను గొంతు ఒక్కసారి దిగిపోతుంది, లెస్టర్ నుంచి స్కాట్లాండ్ దాకా నేనూ మా ఆవిడా వెళ్ళొచ్చాం, దిగాక నడుం నొప్పి లేదు. అరగంట సరదాతో కారుని కొలవకూడదు, రోజంతా నడిపాక రేపు మళ్ళీ నడపాలనిపిస్తుందా లేదా అన్నదే చూడాలి.

స్నేక్‌పాస్_శీను:
మూర్తిగారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, 900 కిలోలు దాటింది తేలిక కారుల లెక్కలోకి రాదండీ. దూర ప్రయాణాలకి మంచిదే, కాదనను. ఈ చర్చ వేరే.

మిడ్జెట్_పద్మజ:
నాకు 1968 ఎంజీ మిడ్జెట్ ఉంది, 1275 సీసీ, స్ప్రైట్‌కి అక్కచెల్లెలే. శీను గారు చెప్పింది మనసుకి తెలుసు. అయితే ఒక మాట, పాత స్ప్రైట్‌లో వెనక క్వార్టర్ ఎలిప్టిక్ స్ప్రింగులు, అంటే సగానికి సగం కోసినట్టుండే కమాన్లు, బాడీ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఇరుసే కొంచెం పక్కకి తిరుగుతుంది, అందుకే స్టీరింగ్ ఇట్టే తిప్పగానే బండి ముక్కు అటు దూకుతుంది. ఆ చురుకుదనం మీకు నచ్చిందేమో, ఎలాన్ నిదానంగా, నమ్మకంగా తిరుగుతుంది కాబట్టి పక్కన పెడితే చప్పగా అనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. మీరు నడిపిన ఎలాన్‌కి ఏ టైర్లున్నాయి? ఇది అడక్కుండా ఈ చర్చ జరక్కూడదు. ఈ కార్లన్నీ సన్న టైర్ల మీద పెరిగినవి. వెడల్పు టైర్లు వేస్తే పట్టు పెరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, జారడం మొదలయ్యే హద్దు దూరం జరిగిపోతుంది, అప్పుడు మామూలు స్పీడులో కారు ఏమీ చెప్పదు.

స్నేక్‌పాస్_శీను:
పద్మజ గారూ, మీరడిగాక ఫోటోలు పెద్దవి చేసి చూశా. ఎలాన్‌కి అల్లాయ్ వీల్స్, టైరు గోడ మీద 175 అని, అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, ఉంది. స్ప్రైట్‌కి మాత్రం పాతకాలం సన్న ఉక్కు చక్రాలే. ఇది నాకు తట్టలేదు.

ట్విన్‌క్యామ్_రఘు:
అదీ సంగతి! నా కారుకి 145. నువ్వు నడిపింది ఎలానే కానీ దాని చేతులు కట్టేసి నడిపావు. 175 మీద ఆ క్యాట్స్ ఐ టక్ మనడం నీకు తెలిసే అవకాశమే లేదు.

స్నేక్‌పాస్_శీను:
తీర్పు సగం వెనక్కి తీసుకుంటున్నా అన్నా. ఎలాన్ సత్తా చూడాలంటే స్పీడు కావాలని నేనన్నది చెల్లదు, మళ్ళీ నడిపితే గానీ మాట్లాడను. పవర్ గురించి అన్నది మాత్రం అలాగే ఉంది, 43తో ఎత్తెక్కడంలో ఉన్న పని 105తో ఉండదు, దానికి టైర్లతో సంబంధం లేదు.

ట్విన్‌క్యామ్_రఘు:
సరే అయితే. వచ్చే నెల రెండో శనివారం నువ్వు స్ప్రైట్ తీసుకుని రా, నేను డార్బీ నుంచి ఎలాన్ తెస్తా, ఇన్సూరెన్స్‌లో ఒక రోజుకి నీ పేరు కలిపిస్తా. గ్లాసప్ దాకా నీది నువ్వు నాది నేను, వచ్చేటప్పుడు మార్చుకుందాం. పద్మజ గారు మిడ్జెట్ తెస్తే ఇంకా మంచిది.

మిడ్జెట్_పద్మజ:
తెస్తా. వాన పడ్డా సరే, టాప్ వెయ్యను.