తవిటినాయుడు: ఈ పేరులో ‘టి’ ఎక్కడిది?

అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా వాళ్ళం, కొత్త జిల్లాలు గీసినప్పుడు విజయనగరం వాళ్ళమైపోయాం. ప్రశ్న మా తమ్ముడి పేరు గురించి.

మా తాత పేరు తవిటినాయుడు. ఆయన పోయిన ఏడాదికి పుట్టాడని తమ్ముడికీ అదే పెట్టారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. మా వీధిలోనే ఇంకో ఇద్దరు తవిటయ్యలు, ఒక తవిటమ్మ, ముందూ వెనకా ఏమీ లేకుండా ఉత్త ‘తవుడు’ అనే పెద్దాయన ఒకరు ఉండేవారు. వాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాక మొదలైంది తంటా. ఫోన్లో పేరు చెబితే అవతలివాళ్ళకి ‘డేవిడ్’ అని వినబడుతోంది. పార్సిళ్ళన్నీ డేవిడ్ నాయుడు పేరు మీదే వస్తున్నాయి. మొన్న క్రిస్మస్‌కి పై ఫ్లాటువాళ్ళు కేకు పంపారట. ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ పెట్టిన పాపానికి ఒక కార్డులో ‘థవిటినాయుడు’ కూడా అయ్యాడు.

“పేరు మార్చీసుకుంతానప్పా. ఎవులైనా అర్థం అడిగితే ఏటని చెప్పాల?” అంటున్నాడు.

అర్థం తవుడేనని మాకు తెలుసు. తవుడు తవిటి ఎలా అయిందో ఎవరైనా చెప్పగలరా? ఇందులో వాడు దాచుకోవాల్సింది ఏమైనా ఉందా?

చీపురుపల్లి మాస్టారు:
అమ్మా, మొదటిదానికి జవాబు మన నోటిలోనే ఉంది. నోరు, నోటి మాట. కూడు, కూటి కోసం. గూడు, గూటి పక్షి. కాడు, కాటి కాపరి. ఏరు, ఏటి ఒడ్డు. అలాగే తవుడు, తవిటి. చివర డు, రు ఉన్న మాటలు కొన్ని మరో మాటతో కలిసేటప్పుడు ‘టి’ తెచ్చుకుంటాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘ఇ టి తి వర్ణములు ఔపవిభక్తికములు’ అన్నది దీని గురించే. పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్షతోనే మరిచిపోయే సూత్రాల్లో ఇదొకటి.

ఇక ‘వు’ ఎందుకు ‘వి’ అయింది? వెనక వచ్చిన ‘టి’లోని ఇకారం దాన్ని తనవైపు లాక్కుంది. ‘కత్తి’ బహువచనంలో ‘కత్తులు’ అయినప్పుడు ‘లు’ చేసే పని ఇక్కడ ‘టి’ చేసింది, తిరగేసి.

ఒక్క సంగతి గమనించండి. తవుడునాయుడు అని ఉంటే తవుడే ఆయన అనుకోవచ్చు. తవిటినాయుడు అంటే తవిటికి సంబంధించిన నాయుడు. ఆ సంబంధం ఏమిటో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, వ్యాకరణం అంతవరకే తీసుకెళ్తుంది.

శ్రీకాకుళం సభ్యుడు:
అభ్యంతరం. ఇంత గౌరవంగా ‘అయ్య’ చేర్చి పిలిచే పేరుకి పశువుల మేత మూలమంటే నమ్మబుద్ధి కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది, అవతల రామతీర్థం ఉంది. ఇది బౌద్ధం వర్ధిల్లిన నేల. బౌద్ధ సంఘంలో పెద్దని ‘స్థవిరుడు’ అంటారు. స్థవిరయ్యే తవిటయ్య అయ్యాడని నా అభిప్రాయం.

చీపురుపల్లి మాస్టారు:
బాబూ, శాలిహుండం మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. కానీ స్థవిర పాళీలో అప్పటికే ‘థేర’ అయిపోయింది. అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి వచ్చి, రకారాన్ని టకారం చేసుకుని, మన రాజాం పల్లెలో తవిటయ్య కావాలంటే చాలా తిరగాలి. పైగా ఈవిడ వీధిలో ఉత్త తవుడు అనే మనిషి ఉన్నాడే, ఆయన్ని ఏం చేద్దాం? తవుడు తమిళంలో తవిడు, కన్నడంలో తవుడే. వంటింటి మాట, చుట్టాలందరి ఇళ్ళలోనూ ఉంది. గౌరవం మాటలో ఉండాలని లేదు, చేర్చిన ‘అయ్య’లో ఉంది.

మొదట అడిగిన నేను:
మాస్టారూ, పెద్దవాళ్ళని అడగమన్నారు. మా మామ్మ చెప్పిన కథ నేను వందసార్లు విన్నాను, ఇక్కడ రాయాలంటే మొహమాటపడ్డాను. ఆవిడ తన అత్తగారి నోట విన్నది.

తాతకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. ముగ్గురూ పురుడు తీరకుండానే. నాలుగో కాన్పులో తాత పుట్టగానే మంత్రసాని చేటలో తవుడు పోసి, దాని మీద పడుకోబెట్టి, వీధి గుమ్మం అవతల పెట్టీసిందట. తల్లిని చూడనివ్వలేదు. ఎదురింటావిడ వచ్చి వీధంతా వినబడేలా “ఎవులి గుంటడే ఈడు? ఎవులికీ అక్కర్లేదేటి?” అని అరిచి, చేటతో సహా పట్టుకుపోయింది. కాసేపయ్యాక మంత్రసాని కుంచంతో తవుడు పట్టుకుని ఆ ఇంటికెళ్ళి బేరం పెట్టింది. ఆవిడ కుంచానికి ఒప్పుకోలేదు, ఇంకో సోలెడు అడిగింది. ఆ సోలెడు దగ్గరకి వచ్చేసరికి మామ్మ ప్రతిసారీ నవ్వేది. లోపల తల్లి పాలు చేపుకొచ్చి ఏడుస్తోంటే బయట ఇద్దరు ఆడవాళ్ళు సోలెడు తవిటి కోసం నిజంగానే దెబ్బలాడినంత పని చేశారట.

“ఎవర్ని నమ్మించడానికే మామ్మా?” అంటే “ఆ ముగ్గుర్నీ అట్టుకుపోయినోడ్ని” అనేది. పేరు పెట్టేది కాదు.

ఇది తల్లి కన్నబిడ్డ కాదు, కొన్న సరుకు. అదీ తవిటికి కొన్నది. ఎత్తుకుపోయినా లాభం లేనిది. ఆ మాట ఆయన బతికినంతకాలం నిలవాలి కాబట్టి పేరుగా పెట్టేశారు. రోజుకి పదిసార్లు పిలుస్తారు కదా, వినవలసినవాడు వింటాడు.

తవుడే ఎందుకంటే, రోట్లో దంపుకునే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది అదే. బియ్యం మనుషులకి, నూకలు జావకి, ఊక పొయ్యిలోకి, తవుడు గొడ్లకి. బొత్తిగా పారేసేది కాదు, అలాగని విలువైనదీ కాదు. (ఇప్పుడు దాన్నుంచి తీసిన నూనె గుండెకి మంచిదని సీసాల్లో అమ్ముతున్నారు. మా తాత ధర పెరిగింది.)

ఇచ్ఛాపురం సభ్యుడు:
ఒడియా, తెలుగు రెండూ మాట్లాడే ఊరు మాది కాబట్టి ఒక మాట. ఖుదీరాం బోస్ పేరు అందరికీ తెలుసు. 1889లో మిద్నాపూరు జిల్లాలో పుట్టాడు, 1908లో ఉరికంబం ఎక్కాడు. అంతకుముందు పుట్టిన మగపిల్లలు ఇద్దరూ పోవడంతో, ఇతన్ని అక్కగారికి మూడు గుప్పెళ్ళ నూకలకి అమ్మారు. బెంగాలీలో ‘ఖుద్’ అంటే నూకలు, మా ఒడియాలోనూ అదే మాట. అంటే మీ తాతగారు తవిటినాయుడైతే ఆయన నూకల రాముడు. ఒకే రోట్లోంచి వచ్చిన పేర్లు.

ఇంకొకటి. ఒడియా కథకి పెద్దదిక్కు ఫకీర్ మోహన్ సేనాపతి (బాలాసోరు దగ్గర, 1843) మొదటి పేరు వ్రజమోహన్. చిన్నప్పుడు జబ్బుపడి బతకడనుకుంటే, బతికితే ఫకీరుని చేస్తానని నాయనమ్మ మొక్కుకుంది. బతికాడు. నాయనమ్మకి మనవణ్ణి వదులుకోవడానికి మనసొప్పలేదు, ఫకీరు పేరు మాత్రం ఇచ్చి మొక్కు సరిపెట్టింది.

బొబ్బిలి సభ్యురాలు:
అందరూ మురిసిపోతున్నారు కాబట్టి నేనొకటి చెప్పాలి. మా నాన్న పేరు పెంటయ్య. ఇదే తంతు, తవుడు బదులు పెంటకుప్ప మీద దొర్లించారు. మీకు తవుడు వచ్చింది, మా నాన్నకి పెంట వచ్చింది. బడిలో హాజరు పిలిచే ప్రతి పూటా నవ్వేవారట, ఆయనకి డెబ్బై ఏళ్ళు వచ్చాక కూడా ఆ నవ్వు జ్ఞాపకం. ఎంగిలాకు మీద పడుకోబెట్టినవాళ్ళు పుల్లయ్యలయ్యారు, పుల్లాకంటే తిన్న విస్తరే కదా. బిచ్చమెత్తి సాకినవాళ్ళు బిచ్చయ్యలు. కథ అందంగానే ఉంటుంది, మోసేవాడు మాత్రం రోజూ మోయాలి. మీ తమ్ముడు మార్చుకుంటానంటే మార్చుకోనివ్వండి. మా అన్నయ్య గెజిట్లో ఇంటిపేరు తప్ప అన్నీ మార్పించుకున్నాడు, ఆకాశం ఏం ఊడిపడలేదు.

మొదట అడిగిన నేను:
నిజమేనండీ. ఊళ్ళో నలుగురు తవిటయ్యలు ఉన్నచోట ఆ పేరు పేరే. ఒక్కడే ఉన్నచోట అది ప్రశ్న. నేను ఇటువైపు ఆలోచించలేదు.

విజయనగరం సభ్యుడు:
మన జిల్లాల పేర్లలో ఇది వేరే జాతి అనిపిస్తుంది నాకు. అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాచలం అంటే సింహాద్రి అప్పన్న. కూర్మారావు, కూర్మయ్య అంటే శ్రీకూర్మం. ముఖలింగం అంటే ఊరే పేరు. పైడిరాజు, పైడమ్మ అంటే మా ఊరి పైడితల్లి, పైడి అంటే బంగారం కూడాను. బొబ్బిలిలో పుట్టిన చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారి వల్ల ఆ పేరు బయట కూడా కొందరికి తెలుసు. ఈ పేర్లన్నీ దేవుడికి ‘వీడు నీవాడు’ అని చెప్పేవి. తవిటయ్య ఒక్కడే ‘వీడు ఎవడివాడూ కాదు’ అని చెబుతున్నాడు.

చదువుకున్న తరం దీనికి చేసిన రిపేరు కూడా చూడండి: తవిటేశ్వరరావు! నేను ఇద్దర్ని ఎరుగుదును. వెంకట, ఈశ్వర కలిస్తే వెంకటేశ్వర, అది గుణసంధి. తవిటి, ఈశ్వర కలిస్తే సంస్కృతం లెక్కన తవిటీశ్వర కావాలి. మనవాళ్ళు ఏ సంధీ చూసుకోలేదు, ‘ఏశ్వరరావు’ అనే రెడీమేడ్ తోక తెచ్చి తగిలించారు. తవిటికి అధిదేవత ఒకడు పుట్టుకొచ్చాడు.

ఇప్పుడు బళ్ళో ఈ పేరు వినబడదు. మా వార్డు ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళంతా అరవై దాటినవాళ్ళే. అందరికీ నెట్లో వెతికిన రెండక్షరాల పేర్లు కావాలి.

పాలకొండ సభ్యురాలు, రిటైరైన ఏఎన్ఎం:
నెట్ రాకముందే తగ్గిపోయిందండీ ఈ పేరు. మొదట అడిగిన అమ్మాయి ఒక మాట రాసింది, ఎవరూ పట్టించుకోలేదు: “ముగ్గురూ పురుడు తీరకుండానే”. ఒక్కొక్క తల్లికీ వరసగా అలా పోయాయంటే చాలాసార్లు అది ధనుర్వాతం. ఇంట్లో కాన్పు, బొడ్డు కొడవలితోనో కత్తిపీటతోనో కోసేవారు, పైన పేడో బూడిదో రాసేవారు. రెండురోజులు బాగానే పాలు తాగిన బిడ్డ మూడో రోజో, వారానికో దవడ బిగిసి రొమ్ము పట్టలేకపోతుంది. తరవాత ఒళ్ళు విల్లులా వెనక్కి వంగిపోతుంది. ధనుస్సులా వంచే వాతం కాబట్టి ఆ పేరు, భాషా గుంపు కాబట్టి చెబుతున్నాను. అదే మంత్రసాని, అదే కొడవలి, అదే బూడిద అయినప్పుడు మూడోదీ నాలుగోదీ కూడా అలాగే పోయేవి. ఇంట్లోవాళ్ళకి ఎవరో వచ్చి ఎత్తుకుపోతున్నట్టే ఉంటుంది కదా మరి.

మేము కడుపుతో ఉన్నవాళ్ళకి టీటీ ఇంజక్షన్లు వేసుకుంటూ, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం వాడమని చెప్పుకుంటూ గుమ్మం గుమ్మం తిరిగాం. తరవాత కాన్పులు ఆసుపత్రులకి మారాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం అదుపులోకి తెచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒప్పుకుంది. తవిటికి కొనే పని తప్పిపోతే తవిటయ్యలు ఎక్కణ్ణుంచి వస్తారు? నా సర్వీసులో చివరి పదిహేనేళ్ళు పుట్టిన పిల్లల రిజిస్టర్లో ఈ పేరు ఒక్కసారీ రాయలేదు. రాయనందుకు నాకేం బెంగ లేదు.

చీపురుపల్లి మాస్టారు:
అమ్మా, నమస్కారం. ఔపవిభక్తికం దగ్గర ఆగిపోయాను నేను.

శ్రీకాకుళం సభ్యుడు:
స్థవిరుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. తవిటమ్మలు కూడా ఉన్నారంటున్నారు. ఆడపిల్లని కూడా కొనుక్కునేవారా?

బొబ్బిలి సభ్యురాలు:
మా పెద్దత్త తవిటమ్మ. ముందు నలుగురు పోతే ఈవిడ నిలబడింది, కొన్నారు. ఈవిడ మనవరాలు కూడా తవిటమ్మే, దాన్ని మాత్రం కొనలేదు, నాయనమ్మ పేరని పెట్టారు. బళ్ళో అది తనూజ.

మొదట అడిగిన నేను:
మా తమ్ముడిదీ అదే లెక్క. వాడు ఆసుపత్రిలో పుట్టాడు, చేటా లేదు తవుడూ లేదు. పేరు వాడిది కాదు, తాతది.

మీరంతా రాసినవి వాడికి చదివి వినిపించాను. ధనుర్వాతం దగ్గర ఏమీ మాట్లాడలేదు. ఆ ముగ్గురికీ పేర్లు పెట్టారా అని అడిగాడు. మామ్మ ఎప్పుడూ చెప్పలేదు, పురుడు తీరనిదే పేరు పెట్టరు కదా అన్నాను. పేరు మార్చుకునే సంగతి ఏం చేశావని నిన్న నేనే అడిగాను. “గెజిట్టుకి ఫీజు కట్టాల, ఎవిడవిట్టు రాయించాల, శానా పని ఉన్నాదప్పా. డేవిడ్ అని రాసుకుంతే రాసుకోనీ, పార్సిల్ అందుతున్నాది కదా” అన్నాడు.