బస్తీ పిల్లలకి సైకిల్ గ్రౌండ్‌లో నేర్పితే సరిపోతుందా, రోడ్డెక్కించాలా?

రెండోబ్రేకు:
ఆదివారాలు నేనూ ఇంకో నలుగురం కలిసి బస్తీ పిల్లలకి సైకిల్ నేర్పుతున్నాం, 13 నుంచి 17 ఏళ్ల వాళ్లు. బ్యాలెన్స్ వరకు పెద్ద కష్టం లేదు, పెడల్స్ ఊడదీసి, రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు దించి, కాళ్లతో తోసుకుంటూ పొమ్మంటే చాలామందికి ఒక్కపూటలో వచ్చేస్తుంది, అప్పుడు పెడల్స్ బిగిస్తాం. గొడవంతా ఆ తర్వాతే. టీంలో సగం మంది గ్రౌండ్‌తో ఆపేద్దాం, రోడ్డు మీద ఏమన్నా అయితే ఎవరు సమాధానం చెప్తారు అంటున్నారు. రోడ్డెక్కించకపోతే అసలు నేర్పనట్టే అని నేనంటా. మనం వద్దన్నా మర్నాడే ఎవరిదో సైకిల్ అడిగి తీసుకుని మెయిన్ రోడ్డు మీదకి పోతారు కదా వాళ్లు. వెనక్కి చూడరా అంటే మొదట్లో ప్రతివాడూ తలతో పాటు హ్యాండిల్ కూడా అటే తిప్పేస్తాడు. గ్రౌండ్‌లో అయితే ఏం కాదు, రోడ్డు మీద వెనకాల బస్సుంటే? ఆగి ఉన్న కారు డోరు సడెన్‌గా తెరుచుకుంటే? మీరేమంటారు?

గేరులేనిబండి:
అన్నా, మీ మనసు మంచిదే, కానీ నేను ఒప్పుకోను. 1998లో మెల్‌బోర్న్ నుంచి ఒక స్టడీ వచ్చింది, సైకిల్ మీద దెబ్బలు తగిలి హాస్పిటల్‌కి వచ్చిన పిల్లల్నీ, తగలని పిల్లల్నీ పోల్చి చూశారు. స్కూల్లో 'బైక్ ఎడ్' అనే సైకిల్ భద్రత కోర్సు చేసినందువల్ల రక్షణేమీ కనపడలేదు, పైగా కొందరిలో రిస్క్ పెరిగినట్టు అనిపించింది. ఎవరిలోనయ్యా అంటే మగపిల్లల్లో, చిన్నవాళ్లలో, పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల పిల్లల్లో. అంటే మీ దగ్గరికి వచ్చేవాళ్లే! నాకు వచ్చేసింది అనే ధైర్యం మనం ఇచ్చి పంపిస్తున్నాం, అదే నా భయం.

సాయంత్రంగాలి:
ఇద్దరూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు, రోడ్డు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి పోరాడితే అప్పుడు రోడ్లు మారాయి. అక్కడ స్కూలు పిల్లలకి ట్రాఫిక్ పరీక్ష కూడా ఉంటుంది, కానీ పరీక్ష ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోలేదు. బస్తీ పక్కనే స్పీడుగా పోయే రోడ్డు వేసి, పిల్లోడికి హెల్మెట్ పెట్టి జాగ్రత్తరా అంటే అదేం న్యాయమండీ?

రెండోబ్రేకు:
రోడ్డు మారాలి అన్నదాంట్లో తేడా లేదండి, పూర్తిగా మీతోనే ఉన్నా. కానీ అది మారేలోపు ఈ 15 ఏళ్లవాడు 25 ఏళ్లవాడైపోతాడు, అప్పటిదాకా వాడు ఇంట్లో కూర్చోడు.

తమ్ముడూ, ఆ మెల్‌బోర్న్ స్టడీ నేనూ చూశా, నువ్వు చెప్పిన లిస్టులో ఇంకో మాట ఉంది. ఇంట్లో ఇంకెవరూ సైకిల్ తొక్కని పిల్లలు. నాకు అసలు విషయం అక్కడే దొరికింది. కోర్సు అయిపోయాక పక్కన ఎవరూ లేరు, "ఇక్కడ ఆగు, ఆ డ్రైవర్ నిన్ను చూడలేదు" అని చెప్పే అన్న గానీ నాన్న గానీ లేరు. ఇంగ్లండ్‌లో 2007లో తెచ్చిన బైకెబిలిటీ అనే సైకిల్ ట్రైనింగ్‌లో మూడు లెవెల్స్ ఉన్నాయి, ఫస్ట్ లెవెల్ ట్రాఫిక్ లేని చోట, రెండోది మామూలు చిన్న రోడ్ల మీద, మూడోది రద్దీలో. మనం మొదటి దాంతోనే సర్టిఫికెట్ ఇచ్చేసి ఇంటికి పంపిస్తే తప్పు కోర్సుది కాదు, సగంలో వదిలేసిన మనది.

పోయిన నెల ఒకమ్మాయిని, 14 ఏళ్లుంటాయి, సిగ్నల్ దాకా తీసుకెళ్లా, నేను వెనకాల కొంచెం రోడ్డు మధ్య వైపు ఉన్నా. ముందు లారీ ఆగి ఉంది, పక్కన సందు కూడా ఉంది, అందరూ దూరేది అందులోకే. తను దూరలేదు, లారీ వెనకాలే ఆగిపోయింది, బ్రేకు మీద వేళ్లు వణుకుతున్నాయి, "అద్దంలో డ్రైవర్ మొహం కనపడట్లేదు అన్నా" అంది. లారీ ఆ సందు వైపే తిరిగింది. ఇది గ్రౌండ్‌లో ఎలా నేర్పిస్తావు చెప్పు?

గేరులేనిబండి:
సరే అన్నా, పక్కన మనిషి ఉంటే నా అభ్యంతరం చాలావరకు పోయినట్టే. మరి అంతమంది మనుషులు ఎక్కడున్నారు? సైకిల్ ఎవరిస్తారు, పంక్చర్ ఎవరు వేస్తారు?

రెండోబ్రేకు:
పంక్చర్ వేసుకోవడం, బ్రేకు వైరు బిగించుకోవడం వాళ్లకే నేర్పుతున్నాం, నాకన్నా ఫాస్ట్‌గా చేస్తున్నారు. సైకిళ్లు పాతవి పోగేస్తున్నాం. లేనిది మనుషులే. ఒక్క పిల్లాడితోనో పిల్లతోనో వాళ్లు రోజూ వెళ్లే దారిలో ఆరు ఆదివారాలు కలిసి తొక్కగలిగేవాళ్లు ఉంటే ఇక్కడే చెప్పండి, నువ్వు వస్తానన్నా సంతోషమే తమ్ముడూ.