ఏడో నెల పాపకు కూరగాయల గుజ్జు: ప్యాకెట్ కొనాలా, ఇంట్లో చేయాలా?

రావులపాలెం అమ్మ: పాపకు ఏడో నెల నడుస్తోంది. సోమవారం నుంచి మళ్ళీ డ్యూటీ. అత్తగారు చూసుకుంటారు గానీ ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేరు. ఆన్‌లైన్‌లో ప్యూరీ పౌచ్ తెప్పించాను. ముందువైపు పాలకూర బొమ్మ, 'చక్కెర కలపలేదు' అని పెద్దక్షరాలు. వెనక్కి తిప్పితే మొదటి పేరు యాపిల్ గుజ్జు, తర్వాత పియర్, చివర్న పాలకూర 6 శాతం. 100 గ్రాములకు చక్కెర 10 గ్రాములు! ఇది పెట్టొచ్చా? ఇంట్లో చేస్తే ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళుంటుంది?

పాలకొల్లు పిన్ని: ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాస్తారమ్మా. అది పాలకూర కాదు, యాపిల్. కానీ నా ఏడుపు వేరే. మావాడికి పౌచ్ మూతి చీకడం అలవాటైపోయింది. ఏడాదిన్నర వచ్చినా చెంచా చూస్తే పళ్ళు బిగిస్తాడు. చిన్న క్యారెట్ ముక్క నాలుకకు తగిలినా ఉమ్మేస్తాడు. కొంటే కొను, గిన్నెలోకి పిండి చెంచాతోనే పెట్టు.

లంక రైతు: మాది జొన్నాడ దగ్గర లంక. గుమ్మడి, ఆనప, దొండ అన్నీ మా చేలోవే. మా ముగ్గురు పిల్లలూ గుమ్మడికాయ ఉడకబెట్టి కాస్త బెల్లం కోరు కలిపిన గుజ్జు తిని పెరిగినవాళ్ళే. పంచదార అయితే తప్పు గానీ బెల్లానికేంటండీ? ఐరన్ కూడా.

కాకినాడ ఎమ్మెస్సీ: బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరేనండి. రంగు మారితే గుణం మారదు. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర కలపొద్దన్నారు. తేనె అయితే ఏడాదిలోపు నాకించనే కూడదు, బోటులిజం అనే విషజబ్బు వస్తే ప్రాణం మీదికొస్తుంది. గుమ్మడికాయ అసలే తియ్యన, దాంట్లో మళ్ళీ బెల్లమా?

లంక రైతు: మా పెద్దోడు ఇంజనీరు, రెండోది నర్సు. బెల్లం తిని ఎవరూ పాడవలేదు. మీరు పుస్తకంలో చదివారు, మేం పెంచాం.

కాకినాడ ఎమ్మెస్సీ: పెంచింది మీరా, మీ ఆవిడా?

పాలకొల్లు పిన్ని: 😂😂

లంక రైతు: ఎగతాళి చేస్తే వెళ్ళిపోతాను ఆయ్.

హైదరాబాద్ కోడలు: ఆనప అంటే సొరకాయేనా?

లంక రైతు: సొరకాయ మీకు. మాకు ఆనపకాయే.

అంగన్‌వాడీ 22 ఏళ్ళు: నా చేత్తో తూకం వేసిన పిల్లలు వెయ్యిమంది పైనే, కాబట్టి ఒక మాట వినండి. బెల్లం గొడవ తర్వాత. ఆనపకాయలో నూటికి 95 పాళ్ళు నీళ్ళే. 'హెల్తీ' అని ఉత్త కూరగాయ గుజ్జుతో బుజ్జి పొట్ట నింపేసి, బరువు పెరగలేదని నా దగ్గరికొస్తారు. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి అందులో కూరగాయ మెదపండి, పైన చెంచాడు నెయ్యి. క్యారెట్, గుమ్మడిలో ఉన్న విటమిన్ ఏ ఒంటికి పట్టాలన్నా కొవ్వుండాలి. ఎనిమిదో నెల దాటాక మిక్సీ మానేయండి, చేత్తో మెదపండి, పలుకు తగలాలి. చేదుగా ఉన్నవి ఒకసారి ఉమ్మితే వదిలేయకండి. మునగాకు కాస్త కలిపి పదిసార్లు పెట్టాక తిన్నవాళ్ళున్నారు.

భీమవరం చెరువుగట్టు: మీకు బెల్లం గొడవ, మాకు ఉప్పు గొడవ. ఏడాదిలోపు ఉప్పు వేయొద్దన్నారు కదా, వేయలేదు. రుచి చూస్తే ఉప్పగానే ఉంది! బోరు నీళ్ళండీ. చుట్టూ చేపల చెరువులే. గుజ్జుకు కూడా టిన్ను నీళ్ళే కొంటున్నాం.

పాలకొల్లు పిన్ని: మా వీధిలోనూ అంతే. చెరువులు తవ్వుకోమన్నది ఎవరు చెప్పండి...

రావులపాలెం అమ్మ: ఫ్రిజ్ సంగతి ఒక్కరూ చెప్పలేదు 🙏

కాకినాడ ఎమ్మెస్సీ: సారీ అండి. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, వెంటనే చల్లార్చి మూత పెడితే రెండు రోజులు. ఐసు ట్రేలో గడ్డకట్టిస్తే నెల. పాలకూర, బీట్‌రూట్ మాత్రం నిలవ పెట్టకండి, వాటిలో నైట్రేట్లనే లవణాలు ఎక్కువ, నిలవుంటే పసివాళ్ళకు చేటు. పాప ఎంగిలి చెంచా తగిలిన గిన్నెలో మిగిలింది పారేయడమే. ఆ పౌచ్ ప్రయాణానికి ఒకటి రెండు ఉంచుకోండి, రోజూ వద్దు.

లంక రైతు: అమ్మా, ఆదివారం రావులపాలెం వస్తున్నా. లేత ఆనపకాయలు, ఒక గుమ్మడికాయ ఇచ్చి వెళ్తా. బెల్లం తేనులెండి.

హైదరాబాద్ కోడలు: మా అమ్మావాళ్ళది కొత్తపేట బాబాయ్ గారూ, అటు కూడా వస్తారా?